చేతినుంచి చేతికి వచ్చిన విద్య
(టెలిఫోన్ శాఖలో మనవాళ్ళు మనవాళ్ళకు నేర్పిన చరిత్ర)

ప్రత్యేక సంచికకు శాఖ చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు కోరారు. శాఖ చరిత్ర అనగానే మంత్రుల పేర్లు, ప్రారంభోత్సవాల తేదీలు అందరూ వ్రాస్తారు. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సర్వీసంతా గడిపిన గుమాస్తాను. స్క్రూడ్రైవరు పట్టి ఎరుగను. అయితే ట్రైనింగు ఉత్తర్వులు, టి.ఏ. బిల్లులు మా బల్లల మీదుగానే పోయేవి గనుక, ఎవరు ఏ విద్య నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్ళారో, తిరిగి వచ్చి ఎవరికి నేర్పారో గమనించే అవకాశం కలిగింది. ఆ కోణంలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన శాఖకు మూలపురుషుడు ఇంజనీరు కాదు, ఒక డాక్టరు. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించిన విలియం ఓషాన్నెసీ 1839లోనే ప్రయోగాత్మకంగా టెలిగ్రాఫు తీగ వేసి చూశాడు. 1850లో కలకత్తా, డైమండ్ హార్బరు మధ్య లైను పని మొదలయింది. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు కలకత్తా టంకశాలలో పనిచేస్తుండిన శివచంద్ర నంది. ఈ విద్యకు అప్పటికి కాలేజీ లేదు, డిగ్రీ లేదు. ఓషాన్నెసీ దగ్గర పనిచేస్తూనే నేర్చుకుని, నంది తర్వాత దూరప్రాంతాల లైన్ల నిర్మాణం నడిపించాడు. పక్కన నిలబడి చూసి నేర్చుకోవడం, నేర్చినదాన్ని ఇంకొకరికి అప్పగించడం అనే మన శాఖ సంప్రదాయం అక్కడే మొదలయిందని నా అభిప్రాయం.

తర్వాత స్ట్రౌజరు ఎక్స్‌ఛేంజీల యుగం. అమెరికాలో శవసంస్కారాల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజరు కనిపెట్టిన ఈ ఆటోమేటిక్ పద్ధతికి 1891లో పేటెంటు వచ్చింది. 1948లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మనకు ఈ సామగ్రిని తయారుచేసి ఇచ్చింది. మనం డయలు తిప్పినకొద్దీ సెలెక్టరు పది మెట్లలో ఒకదానికి ఎక్కి, అక్కడ పది కాంటాక్టుల మీద తిరిగి, వందలో ఒక దారిని పట్టుకునేది. ఆ హాల్లోకి వెళితే వానచినుకులు రేకుల మీద పడ్డట్టు టకటక శబ్దం. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఆ శబ్దంలో తేడా విని, ఏ ర్యాకులో ఏ సెలెక్టరు మొరాయిస్తోందో చెప్పేవాడు. 1942లో నెలకొల్పిన జబల్‌పూరు శిక్షణ కేంద్రంలో రిలేల సూత్రాలు, సర్క్యూటు పటాలు బోధించేవారు. చెవితో తప్పు పట్టడం మాత్రం నైట్ డ్యూటీలో సీనియరు పక్కన కూర్చుంటేనే వచ్చేది.

కేబుల్ స్ప్లైసర్ల సంగతి కూడా అంతే. పాత కేబుళ్ళలో రాగి తీగలకు కాగితం చుట్టి, పైన సీసం తొడుగు వేసేవారు. తొడుగుకు సూదిమొనంత చిల్లు పడి తడి చేరితే చాలు, వీధి వీధంతా ఫోన్లు మూగబోయేవి. గోతిలో దిగి, జతలన్నీ అతికి, కరిగించిన లోహాన్ని గుడ్డతో తుడుస్తూ జాయింటు మూయాలి. లోహం సరిగ్గా కాగిందా లేదా అని కాగితం ముక్క ముంచి చూసేవారు. అది మండకూడదు, గోధుమరంగుకు తిరగాలి. ఇలాంటి కిటుకు చేయి పట్టుకుని చూపితే తప్ప ఎలా వస్తుంది?

ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ కేబుళ్ళలో రంగుల లెక్క వచ్చింది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా అనే అయిదు రంగులతో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద అనే అయిదింటినీ జతకలిపితే 25 జతలు. దీన్ని చిన్నపిల్లలు ఎక్కాలు చెప్పినట్టు వల్లెవేసిన లైన్‌మన్లు మనలో చాలామంది ఉన్నారు. మీ మనవలకు చెప్పి చూడండి, సరదాపడతారు.

తెచ్చుకున్న సాంకేతికం ఎంత గొప్పదయినా మన నేలకు సరిపడేలా మలచుకోవాలని క్రాస్‌బార్ నేర్పింది. 1964లో బెల్జియం కంపెనీతో ఒప్పందం చేసుకుని పెంటాకొంటా క్రాస్‌బార్ విధానాన్ని తెచ్చారు. అది పాశ్చాత్య దేశాల వాడకాన్ని లెక్కవేసి చేసినది. మన దేశంలో ఫోన్లు తక్కువ, అవసరాలు ఎక్కువ. ఒక్క ఫోను మీద వీధిలో సగంమంది ఆధారపడేవారు. లైను దొరక్కపోతే మళ్ళీ మళ్ళీ డయలు చేసేవారు. స్ట్రౌజరులో ప్రతి కాలూ తన సెలెక్టర్లను తాను వాడుకుంటుంది. క్రాస్‌బార్‌లో దారి వెదికిపెట్టే మార్కర్లు కొన్నే, అన్ని కాల్సుకీ అవే దిక్కు. రద్దీ అంచనా మించేసరికి వాటి దగ్గరే ఇరుకయింది. అప్పుడు మన టెలికం రిసెర్చి సెంటరు, ఐ.టి.ఐ. ఇంజనీర్లు కలిసి ఆ విధానాన్ని మన రద్దీకి తగ్గట్టు మార్చి ఇండియన్ క్రాస్‌బార్‌ను రూపొందించారు. ఆ మార్పులకు దారిచూపినది రోజూ ఎక్స్‌ఛేంజిలో ఫాల్టులతో కుస్తీపట్టిన సిబ్బంది అనుభవమే.

ఆ అనుభవం 1984 ఆగస్టులో ఏర్పడిన సి-డాట్‌కు కూడా పెట్టుబడి అయింది. శ్రీ శామ్ పిట్రోడా ప్రోత్సాహంతో, 36 కోట్ల రూపాయలతో 36 నెలల్లో స్వదేశీ డిజిటల్ ఎక్స్‌ఛేంజి తయారుచేస్తామని పూనుకున్నారు. అందులో పనిచేసినవారిలో టెలికం రిసెర్చి సెంటరు నుంచి వెళ్ళినవారు, టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవారు, అప్పుడే కాలేజీ వదిలిన కుర్రవాళ్ళు ఉన్నారు. కుర్రవాళ్ళకు కంప్యూటరు తెలుసు. పెద్దవాళ్ళకు మన పల్లెల్లో దుమ్ము, ఎండ, కరెంటు కోత తెలుసు. ఈ రెండు జ్ఞానాలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నందువల్లనే ఏర్ కండిషనింగ్ అక్కరలేని 128 పోర్టుల రాక్స్ పుట్టింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పనిచేయడం ప్రారంభించింది. ఆ తర్వాత దేశమంతటా గ్రామాల్లో ఫోను మోగిందంటే అది ఆ చిన్నపెట్టె చలవే.

అయితే అసలు పరీక్ష సిబ్బందికి అప్పుడే వచ్చింది. స్ప్రింగు టెన్షను సరిచేయడంలో ఆరితేరిన చేతులకు, చూడటానికి కదిలే భాగమే లేని కార్డులు ఎదురయ్యాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మెకానిక్ నిన్నగాక మొన్న చేరిన జె.టి.ఓ. దగ్గర, "బాబూ, ఈ అలారం ఏమంటోంది?" అని అడగవలసి వచ్చింది. అది తేలిక కాదు. కొందరికి చిన్నతనం అనిపించింది, కొందరికి ఉద్యోగం పోతుందేమోనని బెంగ. ఎస్.టి.డి. విస్తరించినకొద్దీ ట్రంకు ఆపరేటర్ల సోదరీమణులకు కూడా అదే బెంగ. 1960లో లక్నో, కాన్పూరు మధ్య మొదలయిన ఆ సౌకర్యం ఊరూరా చేరేసరికి, అర్జెంటు, లైట్నింగు కాల్సు బుక్‌చేసే బల్లలు ఖాళీ అయ్యాయి. వారిలో ఎందరో కంప్యూటరు ముందు కూర్చుని 197 విచారణలోను, 198 ఫిర్యాదుల్లోను తమ ఓర్పును, గొంతును కొత్త పనికి మలచుకున్నారు.

ఆ రోజుల్లో నేను గమనించిన విషయం ఒకటి. ఘజియాబాదు, జబల్‌పూరు, హైదరాబాదు శిక్షణ కేంద్రాల నుంచి తిరిగి వచ్చినవారు రెండు రకాలు. కొందరు తెచ్చిన నోట్సును బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. తనొక్కడికే తెలిస్తే తన విలువ నిలుస్తుందని వారి ఆలోచన. వారు సెలవు పెడితే ఎక్స్‌ఛేంజి దిక్కులేనిదయ్యేది. మరికొందరు మర్నాడే భోజన విరామంలో నలుగురిని కూర్చోబెట్టి, ఇంగ్లీషు మాన్యువల్లో ఉన్నదాన్ని తెలుగులో విడమరచి చెప్పేవారు. దానికి ప్రత్యేక భత్యం ఏ బిల్లులోనూ నేను పాస్ చేయలేదు. అలాంటివారు ఉన్న ఎక్స్‌ఛేంజీలో ఎవరు బదిలీ అయినా పని ఆగేది కాదు. శాఖ నిలబడింది వారివల్ల.

ఇదంతా పాతకథే గదా అని పిల్లలు అడగవచ్చు. 2000 అక్టోబరు 1న మన శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 37-ఎ నిబంధనవల్ల మన పెన్షను ప్రభుత్వ పెన్షనుగా నిలిచింది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణ పథకం కింద ఒక్కరోజే 78 వేలకు పైగా సిబ్బంది ఇంటిదారి పట్టారు. వారితోబాటు ఏ వీధిలో ఏ లోతున కేబుల్ పోతోందో, ఏ పిల్లరుకు వానాకాలంలో నీరు చేరుతుందో తెలిసిన తలలు కూడా వెళ్ళిపోయాయి. అప్పగింత కాగితాల్లో సామాను జాబితా ఉంటుంది గాని, ఈ తెలివిడికి కాలమ్ లేదు. 2025 సెప్టెంబరులో బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి ప్రారంభమయినప్పుడు అందులోని కీలక భాగం సి-డాట్‌ది అని చదివి సంతోషించాను. నాటి ఉమ్మడి కృషి వృథా కాలేదు. అయితే క్షేత్రంలో పనిచేసినవారి విద్యను వ్రాసిపెట్టే పని మాత్రం మిగిలేవుంది.

అది మనం చేయదగ్గదే. స్ప్లైసరుగా, లైన్‌మన్‌గా, ఆపరేటరుగా, టెలిగ్రాఫిస్టుగా పనిచేసిన ప్రతి సభ్యుడూ తన పనిలో పుస్తకాల్లో లేని కిటుకు ఒక్కటి, దాన్ని నేర్పినవారి పేరు ఒకటి వ్రాసి సంఘానికి ఇవ్వాలని నా మనవి. వ్రాయలేనివారు చెబితే మనవలు ఫోనులో రికార్డు చేస్తారు. భర్తను కోల్పోయిన సోదరీమణులు ఇంట్లో మిగిలిన పాత ట్రైనింగు నోట్సును చిత్తుకాగితాలవాడికి వేయకుండా ఒకసారి మాకు చూపించండి.

రెండో మనవి. నేర్పే అలవాటును రిటైరుమెంటు ఆపకూడదు. మన పెన్షను 'సంపన్న్' ద్వారా వస్తోంది. లైఫ్ సర్టిఫికెట్టును ఫోనులో ముఖం చూపి ఇచ్చే వీలు 2021 నుంచి ఉంది. అది తెలిసిన సభ్యుడు తన వీధిలో తెలియని ఇద్దరికి చేసిపెట్టడమే కాదు, చేయడం నేర్పాలి. ఓ.టి.పి. ఎవరడిగినా చెప్పవద్దని కూడా అప్పుడే చెప్పాలి. ఒకప్పుడు జె.టి.ఓ. కుర్రవాణ్ణి అడగడానికి మొహమాటపడిన మనం, ఇప్పుడు మనవరాలిని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. వచ్చే నవంబరులోగా మన సభ్యుల్లో ఒక్కరు కూడా సర్టిఫికెట్టు కోసం ఆటో ఎక్కి క్యూలో నిలబడే అవసరం లేకుండా చేయగలిగితే, ఈ సంచిక వేసినందుకు ఫలితం దక్కినట్టే.