ఇప్పసారా: రుచి నుంచి డిగ్రీ దాకా

విశాఖ పూర్ణా మార్కెట్‌లో బెల్లం కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంటారు. ఉప్పగా తగిలితే ఆ దిమ్మ పక్కకు పోతుంది. చింతపండులో పాతది వేరు, కొత్తది వేరు. ఇంత నాలుక ఉన్న ఊళ్లో సారా అనేసరికి మాత్రం ఒక్కటే మాట: నాటుసారా. నల్లబెల్లం ఊటతో కాచిందైనా, పాడేరు కొండల్లో ఇప్పపువ్వుతో కాచిందైనా కేసు కాగితంలో అదే పేరు. మెక్సికోలోని వహాకా పల్లెల్లో కాచే మెస్కాల్‌ సీసా మీద మాత్రం ఏ జాతి కిత్తనార మొక్క, ఏ ఊరు, మట్టికుండా రాగి బట్టీనా అన్నీ రాసి ఉంటాయి. ఆ సారాకు రుచి ఉంది, మన సారాకు లేదు అని దీన్నిబట్టి తేల్చేస్తాం. ఈ తేడా మొక్కలోంచి వచ్చింది కాదనీ, నూటయాభై ఏళ్ల ఆబ్కారీ పద్ధతి తెచ్చిపెట్టిందనీ నా వాదన.

తయారీ చూస్తే రెండూ దగ్గరి చుట్టాలే. మెస్కాల్‌కు ఏడెనిమిదేళ్లు, కొన్ని జాతులకు అంతకన్నా ఎక్కువ ఏళ్లు పెరిగిన కిత్తనార దుంపను తవ్వి, కాల్చిన రాళ్లు పరిచిన గోతిలో పూడ్చి రోజుల తరబడి మగ్గనిస్తారు. ఆ సారాలోని పొగవాసన అక్కడ పుట్టిందే. దంచిన దుంపను తొట్టెల్లో వేస్తే గాలిలో, తొట్టె చెక్కలో ఉన్న ఈస్టే దాన్ని పులియబెడుతుంది. ఇప్పపువ్వుకు ఆ గొయ్యి అక్కర్లేదు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. వేసవి మొదట్లో రాత్రి రాలిన పువ్వును తెల్లవారగానే ఏరి, ఎండబెట్టి, నీళ్లలో నానబెడితే కొద్దిరోజుల్లో దానంతటదే పులుస్తుంది. తర్వాత కుండ మీద కుండ, కింద కట్టెల మంట, పైన చన్నీళ్లు. పువ్వు ఎంత శుభ్రంగా ఎండింది, తేమ తగిలి ముక్కిందా, మంట ఎంత నిదానంగా పెట్టారు అన్నవాటిమీద వాసన మారిపోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. మెస్కాల్ కోసం తవ్విన మొక్క అక్కడితో చస్తుంది. ఇప్పచెట్టు నిలిచే ఉండి మరుసటి ఏడు మళ్లీ రాలుస్తుంది. ఆ లెక్కన చూస్తే గొప్ప చెప్పుకోవాల్సింది మనమే.

మరి ఎందుకు చెప్పుకోలేకపోయాం? బ్రిటిష్ సర్కారుకు సారా అంటే రాబడి. గోదావరి ఏజెన్సీలో కొండవాళ్లు తమ కోసం గీసుకునే కల్లు మీద కూడా చిగురుపన్ను పడింది, దాని వసూలు గుత్తదార్ల చేతికి పోయింది. 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేవడానికి, అది విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు పాకడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వునే అదుపులోకి తెస్తూ ప్రత్యేక చట్టం చేసింది. ఏరుకున్న పువ్వు ఇంట్లో ఉంచుకోవడమే అనుమానానికి తావైంది. మైదానంలో ఊరూరి బట్టీల స్థానాన్ని పెద్ద డిస్టిలరీలు తీసుకున్నాయి. సామర్లకోటలో వెలసిన సంస్థ పేరే దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ. చక్కెర, ఆబ్కారీ ఒకే బోర్డు మీదకు ఎక్కాయి. పన్ను ప్రూఫ్ గాలన్ లెక్కన కట్టేటప్పుడు అధికారి చేతిలో ఉండేది డిగ్రీ కొలిచే పరికరమే. ఆ కొలతకు అందని వాసన, జిగి, పొగ అన్నీ మలినాల కిందకు పోయాయి. నా దృష్టిలో మన సారా రుచి పోగొట్టుకున్నది అక్కడే.

స్వాతంత్ర్యం తర్వాతా ఆ కొలత మారలేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలైంది. ఆ నిషేధం మీది గొడవలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊళ్లకు పంపింది. ప్యాకెట్ సారాకు ఊరు లేదు, పువ్వు లేదు, కాచిన మనిషి లేడు. ఉన్నది మత్తు ఒక్కటే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఇల్లు గుల్లైన వాళ్ల ముందు రుచి గురించి మాట్లాడటం తిన్నది అరగని వాళ్ల కబుర్లు కావా? మన్యంలో అల్లూరి సీతారామరాజు సైతం తాగుడు మానమనే చెప్పాడు. ఈ మాటను నేను కొట్టెయ్యను. ఏ పువ్వుతో కాచినా తాగుడు తాగుడే. కానీ దూబగుంట కోపం తగిలింది ఎవరికి? వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరుకి, ప్యాకెట్లకి, వాటి మీద ఖజానా నింపుకున్న సర్కారుకి. ఏడాదికోసారి రాలే పువ్వుతో కాచేదానికి చెట్టే హద్దు. ప్యాకెట్‌కు హద్దు లేదు. రెంటినీ ఒక గాటన కట్టడం ఆ ఉద్యమాన్ని సరిగ్గా చదవకపోవడమే. ఇక రెండో అభ్యంతరం విషం. కల్తీసారా మరణాల్లో ఎక్కువభాగం పరిశ్రమల మిథనాల్‌ కలపడం వల్ల జరిగినవి, పువ్వు పులియడం వల్ల కాదు. కాచేవాడు పేరూ ఊరూ చెప్పుకోగలిగితే పరీక్ష వీలవుతుంది. చీకట్లో కాచినదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

మెక్సికో దారి కూడా పూలబాట కాదు. 1994లో మెస్కాల్ పేరుకు చట్టరక్షణ వచ్చింది. తర్వాతి నిబంధనలు మామూలు, చేతివృత్తి, పూర్వీకుల పద్ధతి అని మూడు రకాలుగా విడదీశాయి. దాంతో గిరాకీ పెరిగి అడవి కిత్తనార తరిగింది. ధ్రువపత్రం ఖర్చు భరించలేని చిన్నవాళ్లు తమ సారాను ఆ పేరుతో అమ్ముకోలేక బయటే మిగిలారు. అయినా చేతిపనికి ఒక పేరు మిగిలింది. విచిత్రమేమిటంటే కిత్తనార సారా మన రాష్ట్రంలోనే కాచారు. డెస్మండ్ నజరెత్ అనే వ్యాపారి చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి, 2011లో ఆ సరుకును గోవాలో విడుదల చేశాడు. విదేశీ మొక్కకు మన నేల మీద మర్యాద దొరికింది. మన చెట్టు మాత్రం ముద్దాయిగానే ఉంది.

దారి చట్టంలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారం గ్రామసభకు ఇవ్వాలంటుంది. వద్దనే ఊరు వద్దంటుంది, ఆ మాట చెల్లాలి. కాచుకుంటామనే ఊరికి పువ్వు పేరు, ఊరి పేరు రాసుకునే హక్కు ఉండాలి. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే మన్యపు అరకు కాఫీకి 2019లో వచ్చింది. ఇప్పసారా కాచే కుండ మాత్రం ఇవాళ్టికీ ఎక్సైజు వాళ్లు పగలగొట్టే కుండే.