మణికట్టు మీద మూడు వేళ్లు

చిన్నప్పుడు తెనాలి నుంచి రేపల్లెలోని అమ్మమ్మగారింటికి బస్సులో వెళ్లడమంటే నాకు భయం. వేమూరు దాటేలోపే కడుపులో తిప్పడం మొదలయ్యేది. భట్టిప్రోలు వచ్చేసరికి కిటికీలోంచి తల బయట పెట్టాల్సిందే. అమ్మ చేతిలో నిమ్మకాయ ఎప్పుడూ ఉండేది, దాని వల్ల పెద్ద ఉపయోగం ఉండేది కాదు. ఒకసారి మావయ్య నా ఎడమచెయ్యి తిప్పి, మణికట్టు గీత పైన నా కుడిచేతి వేళ్లే మూడు అడ్డంగా పెట్టించాడు. ఆ మూడో వేలి అంచున, రెండు తాళ్లలా తగిలే నరాల మధ్య (నిజానికి అవి నరాలు కావు, స్నాయువులు) బొటనవేలితో నొక్కమన్నాడు. "ఊరొచ్చేదాకా వదలకు, వదిలితే నీ చొక్కా నువ్వే ఉతుక్కోవాలి" అన్నాడు. ఆ రోజు వాంతి కాలేదు. నాకంటే ఎక్కువగా నమ్మింది మా నాన్న.

నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి బాపట్లలో నాన్నకి ఛాతీలో బరువుగా అనిపించింది. గ్యాస్ అనుకున్నారు. గోడకి తగిలించుకున్న ఆక్యుప్రెషర్ చార్టులో అదే బిందువు పక్కన 'గుండె, ఛాతీ' అని రాసి ఉంది. రెండు గంటలు నొక్కుకుంటూ కూర్చున్నారు. అమ్మ పక్కింటివాళ్లని లేపి, కారులో గుంటూరు తీసుకెళ్లేసరికి తెల్లారింది. స్టెంట్ వేశారు, బతికారు. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసం. నేను కోప్పడితే ఆయన ఒకటే మాట అన్నారు: "అయిదు వేల ఏళ్ల శాస్త్రం కదరా!"

పాత కోడ్‌లో అర్థంకాని లైను కనిపిస్తే, దాన్ని ఎప్పుడు, ఎందుకు రాశారో వెనక్కి వెళ్లి చూడటం నా ఉద్యోగం. ఈ అయిదు వేల ఏళ్లనీ అలాగే చూద్దామనుకున్నాను.

ఆ బిందువుని చైనీయులు నెయ్‌గువాన్ అంటారు. 'లోపలి ద్వారం' అని చెప్పుకోవచ్చు. ఇంగ్లీషు పుస్తకాల్లో పి-6. గుండెని చుట్టి ఉండే పొర పేరుతో చెప్పే నాళంలో ఇది ఆరోది. చార్టులో 'గుండె' అని ఉండటం అందుకే. రోగి వేళ్లతోనే కొలవాలన్న నియమం మాత్రం మనకి కొత్త కాదు. మన ఆయుర్వేదంలో 'అంగుళం' కూడా ఎవరి వేలితో వాళ్లకి కొలిచేదే.

1973లో చైనాలోని చాంగ్షా దగ్గర, మవాంగ్‌దుయ్ అనే చోట, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో ఒంట్లోని పదకొండు నాళాల వర్ణన ఉంది, కాల్చి వేడిపెట్టే చికిత్స ఉంది. సూదులు లేవు. పేర్లు పెట్టిన బిందువులూ లేవు. అవి ఆ తర్వాత కూర్చిన 'హువాంగ్‌ది నెయ్‌జింగ్'లో కనిపిస్తాయి. అంటే చేతికి దొరికే ఆధారాల లెక్కన సుమారు రెండు వేల ఏళ్లు. అదీ తక్కువేం కాదు. కానీ ఆ రెండు వేల ఏళ్లూ ఒకే నమ్మకం సాగలేదు. 1822లో చైనా చక్రవర్తే తన రాజవైద్య సంస్థ నుంచి సూదివైద్యాన్ని తీసేయించాడు. 1929లో నాటి ప్రభుత్వం సంప్రదాయ వైద్యం మొత్తాన్నీ ఎత్తేయాలని చూస్తే వైద్యులు వీధుల్లోకొచ్చారు. 1930లలో చెంగ్ దాన్‌ఆన్ అనే వైద్యుడు ఆధునిక శరీరశాస్త్రం చదివి, రక్తనాళాలకి దూరంగా బిందువుల చోట్లని సవరించాడు. 1950లలో మావో ప్రభుత్వం దీన్ని కాలేజీ చదువుగా మార్చింది. మా ఇంటి గోడ మీదున్నది ఇన్ని సవరణలు పడ్డ ప్రతి.

"అసలిది మనదే, బౌద్ధులు పట్టుకెళ్లారు" అనే వాదన కూడా మా బంధువుల్లో ఉంది. భట్టిప్రోలు స్తూపం పక్కనుంచి బస్సెళ్లే ఊళ్లవాళ్లకి ఆ మాట తియ్యగానే ఉంటుంది. సుశ్రుతుడు 107 మర్మాలు చెప్పిన మాట నిజం. తెలుగులో మనం ఆయువుపట్టు అనేది వీటినే. అయితే ఆయన చెప్పింది నొక్కి నయం చేయడానికి కాదు. ఇక్కడ దెబ్బ తగిలితే ప్రమాదం, శస్త్రం తగలనివ్వకండి అని వైద్యుడికి హెచ్చరిక. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చోటుని ఆయన క్షిప్రమర్మం అన్నాడు, దానికి గాయమైతే ఈడ్పులతో చనిపోతారన్నాడు. దాదాపు అదే చోటుని చైనీయులు హెగు అని, తలనొప్పికి నొక్కుతారు. చోటు ఒకటే, ఉద్దేశాలు వేరు.

మన దేశానికి ఇది వచ్చిన దారి చాలా ఇటీవలిది. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. అందులో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే చనిపోయాడు, శాంతారాం సినిమాతో అందరికీ తెలిశాడు. ఆ అయిదుగురిలోనే ఉన్న బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టాడు. అమెరికాకి ఇది బాగా తెలిసింది ఇంకా తర్వాత, 1971లో. బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయిన పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్, ఆ తర్వాతి కడుపు ఉబ్బరానికి తనకి సూదులు గుచ్చారని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఆపరేషన్ మాత్రం మామూలు మత్తుమందుతోనే జరిగింది. ఈ రెండో సంగతి చాలామంది మర్చిపోయారు.

మరి మావయ్య చిట్కా ఎలా పనిచేసింది? 1980లలో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అనే మత్తు డాక్టరు ఈ ఒక్క బిందువునే పట్టుకుని, ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతుల మీద పరీక్షలు చేశాడు. అలాంటివి 59 పరీక్షలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2015లో వచ్చింది. ఆపరేషన్ తర్వాతి వికారాన్నీ వాంతులనీ పి-6 తగ్గిస్తుందని, ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగేనని తేల్చింది. ఎందుకు తగ్గిస్తుందన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఆపరేషన్ వాంతీ బస్సు వాంతీ ఒకటి కాదు, నిజమే. కానీ ఆ లెక్కతో మావయ్యని నేను ఎగతాళి చేయలేను.

గుండెపోటుకి మాత్రం అలాంటి అండ లేదు. మూసుకున్న రక్తనాళాన్ని మణికట్టు నొక్కి తెరవలేం, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ కండరం చస్తూ ఉంటుంది. వికారానికి గెలిచిన నమ్మకాన్ని నాన్న ఛాతీనొప్పికి అప్పిచ్చారు. చార్టులో రెండూ ఒకే అక్షరాలతో, ఒకే సైజులో ఉన్నాయి మరి. ఏ మాట ఎప్పటిది, దేన్ని పరీక్షించారు, దేన్ని పరీక్షించలేదు అన్నది చార్టు చెప్పదు. అది చెప్పేది చరిత్రే. నాకు కోపం ఆ బిందువు మీద కాదు, దాని చరిత్రని 'అయిదు వేల ఏళ్లు' అనే రెండు ముక్కల్లో చుట్టేయడం మీద.

పోయిన సంక్రాంతికి ఇదంతా నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "అయితే తీసెయ్యమంటావా?" అన్నారు చార్టు వైపు చూస్తూ. వద్దన్నాను. స్కెచ్ పెన్ను తీసుకుని, 'గుండె, ఛాతీ' అన్న మాటలు కొట్టేసి, పక్కన పెద్దగా 108 అని రాశాను.

"సుశ్రుతుడు 107 దగ్గర ఆగాడన్నావు కదరా," అన్నారు నాన్న, "ఇది నీ లెక్కా?"

మర్నాడు ఇద్దరం రేపల్లె బస్సెక్కాం. వేమూరు దగ్గర చూస్తే, ఆయన బొటనవేలు మణికట్టు మీదే ఉంది. నాదీ అక్కడే ఉంది.