‘ఇతరములు’లో పడిన అద్దం: మింగ్ కలప సామగ్రి చరిత్రలో ముస్తాబు పెట్టె

చైనాలో మింగ్ కాలపు గట్టికలప సామగ్రిని చరిత్రకారుడు వాంగ్ షిషియాంగ్ (1914–2009) ఐదు వర్గాలు చేశారు. ఆసనాలు, బల్లలు, మంచాలు, బీరువాలు పోగా మిగిలినవన్నీ ‘ఇతరములు’. అద్దపు పీఠం, ముస్తాబు పెట్టె, బట్టల దండెం, ముఖం కడిగే పళ్లేన్ని నిలిపే చట్రం ఆ కోవలోవే. వాటికి తోడు త్రాసు చట్రం, చెరకు పిండే బల్ల! ఈ అమరిక వల్లే మింగ్ కలప చరిత్ర పండితుడి చదువు గది చరిత్రగా మిగిలిపోయిందని నా అభియోగం. నిజానికి ఆ పనితనానికి ఒరవడి పెట్టింది పెళ్లికూతురి సారె.

ఇదే సామగ్రి మీద రాసిన గుస్టాఫ్ ఎకెతో, క్రెయిగ్ క్లూనస్‌తో నాకిక్కడ పేచీ లేదు. పేచీ వాంగ్‌తోనే. ‘గువాన్‌పీషియాంగ్’ అనే పెట్టె అధికారుల ప్రయాణపు పెట్టె కాదనీ, దాని మీది శుభచిహ్నాలను బట్టి ఆడవారి ముస్తాబు పెట్టేననీ వాదించింది ఆయనే. అంత చూసినవారు దాన్ని చివరి వర్గంలోనే ఎందుకు వదిలేశారు? మింగ్ సామగ్రికి పదహారు సుగుణాలూ ఎనిమిది దోషాలూ లెక్కగట్టిన ఆయన దృష్టికి కుర్చీ, బల్ల ముందు ఆనాయి. అంతకుమించి కారణం నాకు కనిపించదు.

పెట్టెనే చూద్దాం. ఎత్తు సాధారణంగా మూరెడు మించదు. పై మూత ఎత్తితే లోతు తక్కువ అర, అందులో మడిచిపెట్టిన అద్దపు పీఠం. దాన్ని లేపి నిలబెట్టి కంచు అద్దాన్ని ఆనిస్తారు. కింద రెండు తలుపులు, వాటి వెనక దువ్వెనలకూ పూతలకూ నగలకూ సొరుగులు. మూత దించితే దాని అంచు తలుపుల పైకొసలను పట్టేస్తుంది. ముందు మూత ఎత్తనిదే తలుపు రాదు కనుక ఒక్క తాళం పెట్టె మొత్తానికి చాలు. మోయడానికి రెండు పక్కలా లోహపు పిడులు. చట్రానికి గాడి తీసి పలకను వదులుగా కూర్చడం, తేమకు కలప ఉబ్బినా చీలకుండా చూడడం, మూలలను ఏటవాలుగా కోసి కుసిని లోపల దాచడం వంటి పెద్ద బీరువా మెలకువలన్నీ ఇందులో ఉన్నాయి. బీరువాలో వెంట్రుకవాసి తేడా కంటికి ఆనదు, ఇక్కడ ఆ తేడా ఉంటే తలుపే మూసుకోదు. వడ్రంగి చేయి తేలేది ఇటువంటి చోటే.

సోంగ్‌జియాంగ్ వాసి ఫాన్ లియాన్ సాక్ష్యం ఇంకా బలమైనది. తన చిన్నతనంలో సన్నపని కలప సామగ్రి కంటపడేదే కాదనీ, లోంగ్‌చింగ్ (1567–1572), వన్‌లీ (1573–1620) ఏలుబడులు వచ్చేసరికి బంట్రోతులు సైతం కొంటున్నారనీ ఆయన రాశారు. ఆయన్ను ఉదహరించేవారు తరచు బంట్రోతుల దగ్గరే ఆగుతారు. హుయిజౌ వడ్రంగులు పట్టణంలో అంగళ్లు తెరిచారనీ, పెళ్లి సారె సామాను కూడా అక్కడే దొరుకుతోందనీ ఆయన తర్వాత చెప్పిన మాట వారికి పట్టలేదు. 1567లో సముద్ర వర్తకంపై నిషేధం సడలి దూరదేశాల కలప దిగుతున్న కాలం అది. అంగడిని నిలబెట్టిన గిరాకీ పెళ్లిళ్లదే.

అద్దపు పీఠం రూపం కూడా పాతదే. సూజౌలో, యువాన్ పాలన చివర్లో తిరుగుబాటు చేసిన జాంగ్ షిచెంగ్ తల్లి సమాధిలో (ఆమె మరణం 1365) మడిచే వెండి అద్దపు పీఠం దొరికింది. అంటే గట్టికలప వెల్లువకు రెండు శతాబ్దాల ముందే ఆ ఆకారం కుదురుకుంది. అది మడతకుర్చీని పోలిందన్నది నిజమే గాని, పోలిక ఒక్కటే కుర్చీకి పెద్దరికం ఇవ్వదు.

కలప సంగతికొస్తే, జీటాన్ అనే మేలుజాతి కలప కింద చైనా 2000 నాటి జాతీయ ప్రమాణం గుర్తించింది ఒక్క జాతినే: శేషాచలం కొండల మన ఎర్రచందనం. పట్టుబడ్డ దుంగల వార్తల్లో తప్ప ఆ చేవను మనం తలుచుకునేది తక్కువ. పాత జీటాన్ అంతా ఇదేనని ఆ ప్రమాణం రుజువు చేయదు. అయినా పది దుంగల్లో తొమ్మిది బోలు అని చైనాలో నానుడి ఉన్న కలప వెడల్పు పలకలకు లొంగదు. పీఠాలకూ పెట్టెలకూ సొరుగులకూ అది చక్కగా సరిపోతుంది. చిన్న వస్తువు విలువను కలపే పెంచింది.

జుట్టు ముడిచే కాలంలో మగవారికీ దువ్వెన పెట్టె కావలసిందేనని కొందరు అనవచ్చు. ఆ పెట్టెలను కొన్నవారెవరో, పుట్టింటినుంచి తెచ్చుకున్నవారెవరో వాటి మీది నెమలి, ఫీనిక్స్ జంటలే చెబుతాయి.

మింగ్ తర్వాతి చింగ్ కాలంలో గాజు అద్దాల వాడకం పెరిగి కంచు అద్దాన్ని ఆనించే మడతపీఠానికి పని తగ్గింది. అద్దం మూత అడుగుకే చేరింది. ఆ కీళ్ల పనిలో తేలిన చేతులు ఉపరితలపు చెక్కడం వైపు మళ్లాయనీ, చింగ్ ఆస్థానపు కుర్చీలు బరువెక్కి నగిషీలతో నిండిపోవడానికి మూలం ఇక్కడే ఉందనీ నేను భావిస్తున్నాను.