కుంకుడుకాయకు చుట్టాలు

లిచీ, లాంగన్, రంబూటాన్. ఈ మూడింటినీ ఒలిచి ఒకే పళ్ళెంలో పెడితే ఏది ఏదో చెప్పడం కష్టమే సుమండీ! మూడింటికీ తాటిముంజెలాంటి తెల్లని గుజ్జు, మధ్యలో ఒక్కటే గింజ. అక్కచెల్లెళ్ళని వెనకనుంచి చూసి పేరుపెట్టి పిలవడం లాంటిదే ఇదీను. నిజానికి వీళ్ళు అక్కచెల్లెళ్ళే. ఇంతకీ వీళ్ళ ఇంటిపేరేమిటనుకున్నారు? మనం తలంటికి వాడే కుంకుడుకాయది! శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి పెట్టిన 'సాపిండేసీ' అన్న పేరుకి మూలం 'ఇండియా సబ్బు' అన్న మాటే. కంట్లో పడితే ఏడిపించే కుంకుడెక్కడ, నోట్లో కరిగే లిచీ ఎక్కడ! ఒక ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ ఒకే గుణం ఉండాలని ఎక్కడుంది లెండి.

నోట్లో వేసుకుంటే మాత్రం తేడా దాగదు. లిచీలో తీపితో పాటు చిన్న పులుపు, దాని వెనకాల గులాబీలాంటి వాసన. లాంగన్‌కి పులుపు లేదు. ఒట్టి తీపి, అందులోనూ కాస్త మత్తువాసన కలిసిన తీపి. గుజ్జులోంచి నల్లగింజ కనుపాపలా కనిపిస్తుందని చైనావాళ్ళు దాన్ని డ్రాగన్ కన్ను అన్నారు. రంబూటాన్‌కి వాసన తక్కువ, కండ ఎక్కువ. కొరికితే గింజమీది పొర కూడా ఊడివచ్చి పంటికింద తగులుతుంది. 'రంబుత్' అంటే మలయా భాషలో జుట్టు. దాని వొంటినిండా ఉన్న ఎర్రని వెంట్రుకలు చూస్తే ఆ పేరెందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. రబ్బరు తోటల్లో పనికని శ్రీకాకుళం, విశాఖపట్నం వైపునుంచి మలయా వెళ్ళిన మనవాళ్ళ పిల్లలకి ఇది పెరటిపండు.

లిచీ పూత పూయాలంటే శీతాకాలంలో చలి తగలాలి. అలాగని గడ్డకట్టే మంచు పడితే చెట్టే చచ్చిపోతుంది. రంబూటాన్‌కి ఆ చలి కూడా గిట్టదు. ఏడాది పొడుగునా ఉక్కగా ఉండే మలయాలోనే దానికి సుఖం, అక్కడ ఏడాదికి రెండు కాపులు కూడా కాస్తుంది.

ఈ సంగతి తెలియకనే చైనా చక్రవర్తి వూ పెద్ద గొడవ తెచ్చిపెట్టాడు. క్రీ.పూ. 111లో దక్షిణదేశాన్ని జయించి, అక్కడి లిచీ చెట్లు వంద పెకలించి తెచ్చి, రాజధాని దగ్గర తోట వేయించాడు. దానికో రాజభవనం కూడానూ. ఆ ఉత్తరాది చలికి ఒక్క చెట్టయినా బతకలేదు. చెట్టు ఎండినందుకు కాపలావాళ్ళని పదుల సంఖ్యలో చంపించారట! చలికాలం చేసిన నేరానికి వాళ్ళేం చేస్తారండీ?

చెట్టు రాకపోతేనేం, పండే రావాలన్నారు తర్వాతివాళ్ళు. లిచీ కోసిన రెండో రోజుకే రంగు మారుతుంది, ఆపైన వాసన, ఆపైన రుచి పోతాయి. అందుకని దారిపొడుగునా మజిలీలు పెట్టి, గుర్రాలు మార్చి, రాత్రీపగలూ పరుగెత్తించారు. ఆ దారిలో మనుషులు పడి చచ్చిపోతున్నారని తాంగ్ చ్యాంగ్ అనే ఒక చిన్న అధికారి ధైర్యంచేసి అర్జీ పంపాడు. క్రీ.శ. 88 నుంచి 106 దాకా ఏలిన హో చక్రవర్తి అది చదివి, లిచీలూ లాంగన్‌లూ రెండూ పంపనక్కర్లేదని ఆజ్ఞ ఇచ్చాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు నచ్చిన మగవాళ్ళు ఈ ఇద్దరే.

కాని లోకానికి గుర్తున్నది వాళ్ళు కాదు, ఆరువందల ఏళ్ళ తర్వాతి యాంగ్ గుయిఫే. షువాన్‌జోంగ్ చక్రవర్తి ఆమె ముచ్చట తీర్చడానికి మళ్ళీ గుర్రాలు పరుగెత్తించాడు. 755లో తిరుగుబాటు వచ్చింది. మరుసటేడు సైనికులు పట్టుబట్టి ఆమె ప్రాణం తీయించారు. పండు తెప్పించినవాడు బతికే ఉన్నాడు, తిన్న ఆవిడకి మాత్రం ఇప్పటికీ అపవాదు!

1059లో త్సాయ్ షియాంగ్ అనే పండితుడు లిచీమీద ఒక గ్రంథమే రాశాడు. అందులో ముప్ఫైరెండు రకాలున్నాయి. సొంత ఊరి పండే గొప్పదని వాదించాడు. మామిడిపండు సంగతొస్తే మనం మాత్రం వాదించమా? పాపం లాంగన్‌కి అలాంటి వైభవం దక్కలేదు. లిచీ కాపు అయిపోయాక వస్తుందని దానికి 'లిచీ దాసి' అని పేరు పెట్టారు. నన్నడిగితే ఈ దాసి నెమ్మదైన మనిషి. ఎండబెడితే ఏడాదంతా ఉంటుంది, చైనా ఇల్లాళ్ళు పాయసాల్లోనూ మందుల్లోనూ వేస్తారు.

మనదేశంలో లిచీ అంటే బీహారులోని ముజఫర్‌పూర్. అక్కడి షాహీ రకం మే నెల నడుమ వస్తుంది, 'చైనా' అనే రకం దాని వెనకాల. షాహీకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ ఊళ్ళోనే ప్రతి వేసవిలోనూ తెల్లవారుజామున చిన్నపిల్లలకి మూర్ఛలొచ్చి ప్రాణాలు పోతుండేవి. ఒక్క 2014లోనే ఆస్పత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది దక్కలేదు. ఆ ఏడు వైద్యులు పరిశోధించి కనిపెట్టినది 2017లో అచ్చయింది. లిచీలో, ముఖ్యంగా పచ్చిదాంట్లో, శరీరం చక్కెర తయారుచేసుకోకుండా అడ్డుపడే పదార్థముంది. కడుపునిండా తిన్న పిల్లకి దానివల్ల ముప్పు లేదు. పగలంతా తోటలో రాలినవి ఏరుకు తిని, రాత్రి అన్నం లేకుండా పడుకున్న బక్కపిల్లకే ముప్పు. పిల్లలకి రాత్రి భోజనం తప్పకుండా పెట్టమని చెప్పాక కొన్నేళ్ళు మరణాలు తగ్గాయి. 2019లో మళ్ళీ వందమందికి పైగా పిల్లలు పోయారు. ఎండ, పేదరికం, దూరాన ఉన్న ఆస్పత్రి, కారణాలు చాలానే చెప్పారు.

మే నెలాఖరున మా వీధిలోకి కూడా ఆకులతో సహా లిచీ గుత్తులు వస్తాయి. కొంటాను, ఎందుకు కొననూ! ముందు పిల్లలకి అన్నాలు పెట్టేసి, ఆ తర్వాతే పళ్ళెం బయటికి తీస్తాను.