సింగపూరులో నాలుగు రోజులు: మన ఊళ్ళ నుంచి వెళ్ళేవారికి ఒక చరిత్ర దారి

సింహపురి అనగానే తెలుగు చదువుకొన్నవానికి నెల్లూరు జ్ఞప్తికి వస్తుంది. మనుమసిద్ధి కొలువు, తిక్కన సోమయాజి భారతం కళ్ళముందు మెదలుతాయి. అదే పేరుగల మరొక ఊరు సముద్రానికి ఆవల ఉన్నది. సింహ, పుర అనే రెండు సంస్కృత పదాలు మలయు నాలుకపై సింగపుర అయినవి. మన వ్యాకరణంలోనూ సింహము ప్రకృతి, సింగము వికృతి. కాబట్టి సింగపూరు అనే పేరు మనకు పరాయిది కాదు. సంగ్ నీల ఉత్తమ అనే రాజకుమారుడు ఆ దీవిలో ఒక మృగాన్ని చూచి సింహమనుకొని ఈ పేరు పెట్టినట్లు 'సెజారా మెలయు' అనే మలయు గ్రంథం చెబుతుంది. ఆ దీవి సింహాలుండే నేల కాదు. అయినా పేరు నిలిచింది. ఆ రాజకుమారుని పేరులోని నీల, ఉత్తమ అనే మాటలకు మనలో ఎవరికీ నిఘంటువు అక్కరలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి పిల్లలను చూడడానికి సింగపూరు వెళ్ళివచ్చే పెద్దవారు ఈమధ్య ఎక్కువైనారు. మా చిన్నవాడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ మొదటిసారి బయలుదేరవలసిన సమయం వచ్చింది. వెళ్ళివచ్చినవారిని అడిగితే సింహముఖం గల చేపబొమ్మ, ఎత్తైన మేడలు, అంగళ్ళు, అద్దంలాంటి రోడ్లు, ఇంతే చెబుతున్నారు. చూచినవి తప్పని నేననను. అయితే నాలుగు రోజుల కోసం అంత దూరం వెళ్ళేవాడు కొన్ని ప్రశ్నలు మూటగట్టుకొని వెళితే ఆ ఊరు మరికొంత మాట్లాడుతుందని నా నమ్మకం. రోజుకొక ప్రశ్న చొప్పున నేను వేసుకొన్న దారి ఇది.

ముందుగా ప్రయాణం. పూర్వం మదరాసు రేవులో 'రజుల' అనే ఓడ ఎక్కి, నాగపట్నం, పెనాంగుల మీదుగా సుమారు వారం రోజులకు సింగపూరు చేరేవారు. తరువాత 'చిదంబరం' ఓడ ఆ దారిలో తిరిగింది. 1985లో దానిలో అగ్నిప్రమాదం జరిగిన తరువాత ఆ ఓడప్రయాణం ముగిసిపోయింది. ఇప్పుడు మదనపల్లె నుంచి చింతామణి మీదుగా దేవనహళ్ళి విమానాశ్రయం చేరవచ్చు. కుప్పం వారికి బెంగుళూరు రైలు ఉండనే ఉన్నది. విమానం ఎక్కితే నాలుగున్నర గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. వీసా చేతికి వచ్చాక, చేరడానికి మూడు రోజుల లోపల రాక వివరాలను కంప్యూటరులో నింపి పంపాలి. దానికి రుసుము లేదు. మన ఇల్లాండ్రు ఒక సంగతి మరువరాదు: మసాలాలో వాడే గసగసాలు ఆ దేశానికి తీసుకొనిపోరాదు. నమిలే పొగాకు కూడా నిషిద్ధమే. కోడలికి పొడులు కట్టేటప్పుడు ఈ రెండూ చూచుకోవాలి.

మొదటిరోజు ప్రశ్న: ఈ ఊరు ఎవరు కట్టారు?

సింగపూరు నిన్నటి చేపలపల్లె, ముప్పై ఏండ్లలో మహానగరమైనదని మన సభల్లో తరచు వింటుంటాం. చరిత్ర అట్లా లేదు. 1819లో రాఫెల్స్ అక్కడ ఈస్టిండియా కంపెనీ జెండా పాతాడు. 1826లో పెనాంగు, మలక్కాలతో కలిపి దానిని ఒక పాలనకు తెచ్చారు. 1867 ఏప్రిల్ 1 వరకు ఆ దీవి కలకత్తా ఏలుబడిలోనే ఉన్నది. అంటే సుమారు అర్ధశతాబ్దం పాటు మనదీ, వారిదీ ఒకే సర్కారు. 1965 ఆగస్టు 9న అది స్వతంత్ర దేశమయ్యేనాటికే అక్కడ నూటయాభై ఏండ్ల నాటి పెద్ద రేవుపట్నం ఉన్నది.

ఆ పట్నాన్ని కట్టిన చేతులలో మన ఖైదీల చేతులు కూడా ఉన్నాయి. 1825 నుంచి 1873 వరకు భారతదేశంలో శిక్షపడినవారిని, మదరాసు రాజధాని వారితో సహా, అక్కడికి పంపి రోడ్లు, వంతెనలు, భవనాలు కట్టించారు. 1862లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ ఆండ్రూస్ చర్చి ఖైదీల పనితనమే. ఆ గోడల పూతను అక్కడివారు 'మదరాసు చునం' అన్నారు. అది మన సున్నమే. గుల్ల సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి నూరి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళతో కలిపి, ఆరిన తరువాత నునుపు వచ్చేదాకా రుద్దేవారు. మన వైపు పాత మేడల గచ్చును చేతితో తడిమి చూచినవారికి ఈ పని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ తెల్లని గోడపై కట్టినవారి పేర్లు లేవు. అక్కడ ఒక నిముషం నిలబడడమే మనం చెల్లించగల బాకీ.

సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని మారియమ్మ గుడి 1827 నాటిది. రాఫెల్సుతో పెనాంగు నుంచి వచ్చిన నారాయణ పిళ్ళై దానిని స్థాపించాడు. అక్కడ మొదటి ఇటుకబట్టీ పెట్టినవాడు కూడా ఆయనే అంటారు. నది ఒడ్డు, చర్చి, ఈ గుడి, మూడూ ఒక పూటలో చూడదగినవే. ఆ ఉక్క మనవారికి కొత్తది. చెప్పకుండా వాన వస్తుంది. గొడుగు చేతిలో ఉండాలి. కుళాయినీళ్ళు నిశ్చింతగా త్రాగవచ్చు.

రెండవరోజు ప్రశ్న: మన భాష ఎక్కడ ఉన్నది?

ఇది నాకు అన్నిటికంటె దగ్గరి ప్రశ్న. సెరంగూన్ రోడ్డు ప్రాంతాన్ని 'లిటిల్ ఇండియా' అంటారు. ఒకప్పుడు అది పశువుల కొట్టాల పేట. అక్కడి 'కందాంగ్ కెర్బావ్' అనే మలయు పేరుకు ఎనుముల దొడ్డి అని అర్థం. బఫలో రోడ్డు ఇప్పటికీ ఉన్నది. పశువులను మేపడానికి, పాలు పితకడానికి, బండ్లు తోలడానికి వెళ్ళిన మనవారి వల్లనే ఆ పేట భారతీయుల పేట అయినది. పొట్టి ఆవుకు తమ ఊరి పేరునే ఇచ్చిన పుంగనూరు వారికి ఆ వీథిలో నడవడం ఒక వింత సంతోషం.

అదే రోడ్డులో 1855లో నరసింహ పెరుమాళ్ పేరుతో వెలసిన కోవెల నేడు శ్రీనివాస పెరుమాళ్ ఆలయం. 1978లో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. వేంకటేశ్వరుని ఊరికి ఇంత దగ్గర నుంచి వెళ్ళి ఆ గుడికి పోకుండా రావడం సాధ్యమా?

ఆ వీథిలో బోర్డుల మీద తమిళం కనిపిస్తుంది. మలయు, చైనా, ఇంగ్లీషులతోపాటు తమిళం కూడా ఆ దేశపు నాలుగు అధికార భాషలలో ఒకటి. బడిలో మాతృభాషగా తమిళం చదవవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా చదవడానికి వీలున్నది. ఈ పట్టికలో తెలుగు లేదు. అక్కడ 1975 నుంచే తెలుగు సమాజం ఉన్నది. ఉగాదులు, సాహిత్య సభలు జరుగుతూనే ఉన్నాయి. కాని పిల్లవాని మార్కుల కాగితంలో చోటులేని భాష ఆదివారపు భాషగా మిగులుతుంది.

కుప్పంలో ఇంట తమిళం మాట్లాడే పిల్లలకు నేను కొన్నేండ్లు తెలుగు చెప్పాను. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ఊళ్ళో తమిళం, కన్నడం, తెలుగు ఒకే అంగట్లో బేరమాడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ స్థాపించడం ఊరకే జరగలేదు. ఇప్పుడు సింగపూరులో ఇంట తెలుగు మాట్లాడే నా మనుమడికి ఒక తమిళ పంతులు తమిళం చెబుతున్నాడు. వాడు తన పేరును తమిళ లిపిలో చక్కగా వ్రాసి ఫోటో పంపాడు. ముచ్చటగానే ఉన్నది. 'తెలుగులో వ్రాయరా' అంటే 'అది స్కూల్లో లేదు కదా తాతా' అన్నాడు. వానిలో దోషం లేదు. కుప్పంలో నా శిష్యులు ఇంటి భాషను వదలకుండానే బడి భాషను నేర్చుకొన్నారు. వారి ఇండ్లలో అవ్వలు, తాతలు ఉండినారు, వీథిలో తోటి పిల్లలు ఉండినారు. మా మనుమడికి ఆ వీథి లేదు. అందుచేత నా సంచిలో మొదట పెట్టుకొన్నది పెద్దబాలశిక్ష. రోజుకు నాలుగక్షరాలు చొప్పున నాలుగు రోజులకు పదహారు అక్షరాలు. ఆపై ఫోనులో సాగించాలి.

మూడవరోజు ప్రశ్న: మదనపల్లెకూ సింగపూరుకూ ఏమి చుట్టరికం?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు వచ్చారు. 1911లో కలకత్తాలో మొదటిసారి వినిపించిన 'జనగణమన' గీతాన్ని ఆయన 28వ తేదీన అక్కడే ఇంగ్లీషులోకి తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ గారు దానికి స్వరలిపి సిద్ధపరచినారు. ఇది మా ఊళ్ళలో బడిపిల్లవానికి కూడా తెలిసిన కథ. ఈ కథకు సింగపూరులో ఒక అధ్యాయం ఉన్నదని మాత్రం చాలామంది గమనించరు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైనది. రెండు రోజుల తరువాత ఫారర్ పార్కు మైదానంలో నలభై వేల మంది భారతీయ సైనికులను జపాను వారికి అప్పగించారు. ఆజాద్ హింద్ ఫౌజు వారిలో నుంచే పుట్టింది. 1943 జూలై 5న నగరసభ భవనం ముందు ఉన్న పడాంగ్ మైదానంలో నేతాజీ 'చలో ఢిల్లీ' అన్నారు. అక్టోబరు 21న కాథే భవనంలో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆ ప్రభుత్వపు గీతం 'శుభ సుఖ చైన్' ఠాకూరు గీతానికి హిందుస్తానీ రూపమే. ఆనాడు సింగపూరులో వైద్యం చేస్తుండిన డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ రాణీ ఝాన్సీ దళానికి నాయకురాలైనారు. 1950 జనవరి 24న జనగణమన మన జాతీయగీతమైనది. మదనపల్లెలో ప్రార్థనగా పాడుకొన్న పాట, ఇరవైనాలుగు ఏండ్లకు రూపు మార్చుకొని సింగపూరులో సైనికుల పాట అయినది.

ధోబీ ఘాట్ అనే మెట్రో స్టేషనులో దిగితే కాథే దగ్గరే. ఇప్పుడు అక్కడ పాత భవనపు ముఖభాగం మాత్రమే నిలిచి ఉన్నది. ఆ స్టేషను పేరు కూడా అక్కడి వాగులో బట్టలు ఉతికిన మన చాకలివారు ఇచ్చిందే. నేతాజీ 1945 జూలైలో ఎస్ప్లనేడులో వేసిన స్మారకాన్ని బ్రిటిషువారు తిరిగి రాగానే కూల్చివేశారు. 1995లో ఆ చోటున ఒక ఫలకం పెట్టారు. ఇవి పెద్ద దృశ్యాలు కావు, ఫోటోలో పడితే గోడ, రాయి. వాటి వెనుక సంగతి తెలిసి చూచినవానికి మాత్రం ఒక పూట చాలదు.

నాలుగవరోజు ప్రశ్న: మనం నేర్చుకోదగినదేమి?

2014లో విభజన తరువాత అమరావతి రాజధాని ప్రణాళిక సింగపూరు వారి చేత తయారైనది. 2019లో అక్కడి సంస్థలు నిర్మాణ ఒప్పందం నుంచి తప్పుకొన్నాయి. కుప్పం నుంచి 1989 మొదలు శాసనసభకు ఎన్నికవుతున్న చంద్రబాబు నాయుడు గారి నోట సింగపూరు పేరు వినని తెలుగువాడు లేడు. కాబట్టి వెళ్ళినవాడు మేడల ఎత్తు చూచి రావడం కాక, అవి నిలిచిన పునాదులు కూడా చూడాలి.

నేను రెండింటిని చూడదలచినాను. ఒకటి ఇండ్లు. 1960లో గృహనిర్మాణ మండలిని స్థాపించారు. 1961 మే నెలలో బుకిట్ హో స్వీ మురికివాడ కాలిపోయి సుమారు పదహారు వేలమంది నిలువ నీడ కోల్పోయారు. నేడు దేశవాసులలో నూటికి సుమారు ఎనభైమంది ఆ మండలి కట్టిన ఇండ్లలో ఉంటున్నారు. 1966 నాటి భూసేకరణ చట్టం సర్కారుకు ఇచ్చిన కఠినమైన అధికారం కూడా దీని వెనుక ఉన్నది. మొదటి సంగతి చెప్పి రెండవది దాచడం న్యాయం కాదు. మా వాడి ఇల్లూ అట్టి కట్టడంలోనిదే. కింది అంతస్తులో ఖాళీగా వదిలిన చోట ఒకరోజు పెళ్ళి, మరొకరోజు చావు జరుగుతాయట. అక్కడ కూర్చుంటే ఏ మ్యూజియంలోనూ దొరకనిది దొరుకుతుంది.

రెండవది నీళ్ళు. మన చెరువులు నిండితే పండుగ, ఎండితే వలస. అక్కడ మనకు మూడు రెట్లకు పైగా వాన పడుతుంది. అయినా ఆ చిన్న దీవిలో నిలుపుకొనే చోటు లేక, 1962 ఒప్పందం ప్రకారం మలేసియాలోని జొహోరు నుంచి నీరు తెచ్చుకొంటున్నారు. అది 2061తో ముగుస్తుంది. ఆ గడువును దృష్టిలో పెట్టుకొని, వాడిన నీటిని శుద్ధిచేసి 2003 నుంచి మళ్ళీ వాడుతున్నారు. 2008లో సముద్రపు నోటికి అడ్డంగా మెరీనా బరాజు కట్టి, నగరం నడిబొడ్డున మంచినీటి చెరువు చేసుకొన్నారు. దాని పైకప్పు మీద గడ్డి పెంచారు, ఎవరైనా నడవవచ్చు. కృష్ణా నీటి కోసం దశాబ్దాలు ఎదురుచూచిన రాయలసీమవాడు అక్కడ నిలబడి ఆలోచించవలసింది, మేడల గురించి కాదు, ఆ గడువును ముందుగా లెక్కపెట్టుకొన్న బుద్ధి గురించి.

ఈ నాలుగు రోజులలో ఒక సాయంకాలం ఏ పనీ పెట్టుకోకుండా వదలాలి. శ్రీనివాస పెరుమాళ్ గుడి మండపంలో కూర్చొని, తెలుగు మాట వినిపించిన చోట పెద్దవారిని పలకరించి, మీదే ఊరండీ, మీ పెద్దలు ఎప్పుడు వచ్చారు, పిల్లలకు తెలుగు వచ్చునా అని అడగండి. చెప్పినది ఒక పుస్తకంలో తేదీ వేసి వ్రాసుకోండి. అక్కడి తెలుగువారి చరిత్రలో చాలాభాగం ఇంకా కాగితం ఎక్కలేదు. అది వారి జ్ఞాపకాలలోనే ఉన్నది, అడిగేవారి కోసం ఎదురుచూస్తున్నది.