గురువారపు ఆటగాండ్రు

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అనగా మన మెరిగిన కాలిబంతి యాట కాదు. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేత బట్టి, ప్రతిపక్షమువారి వ్యూహమును ఛేదించుకొని ముందునకు పోవు కఠినక్రీడ. ఈ క్రీడ అచ్చటి విశ్వవిద్యాలయములకు కీర్తిని, ధనమును తెచ్చిపెట్టునది గావున, ఉన్నత పాఠశాలలలో చదువుచున్న బలశాలురగు బాలుర నన్వేషించి, విద్యార్థివేతనము లిచ్చి చేర్చుకొనుట చిరకాలముగా సాగుచున్నది. ఈ పోటీని, దాని చాటున నడచు ధనసహాయమును 1929లోనే కార్నెగీ ధర్మనిధివారి నివేదిక గర్హించినది. అయినను 1956లో క్రీడావేతనములకు నియమబద్ధమైన అనుమతి లభించెను. తాను చేరబోవు విశ్వవిద్యాలయ మేదియో బాలుడు సంతకము చేసి తెలుపు అంగీకారపత్రము 1964లో అమలునకు వచ్చెను. ఈ చరిత్రను నియమముల కథగా, వాటి నతిక్రమించిన వారి కథగా చెప్పుట పరిపాటి; కాని అందు మిక్కిలి విలువైన అధ్యాయము దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి పాఠశాలలకు సంబంధించినది.

వర్ణవివక్ష శాసనమై యున్న దినములలో, టెక్సస్ రాష్ట్రమందలి నల్లజాతి పాఠశాలలు 1920 నుండి 1970 వరకు తమ పోటీలను ప్రెయిరీ వ్యూ సమాఖ్య నీడన వేరుగా జరుపుకొనినవి. శుక్రవారపు రాత్రి క్రీడాంగణములు శ్వేతజాతీయుల పాఠశాలలకు ప్రత్యేకింపబడి యుండుటచే, నల్లజాతి బాలురు బుధ, గురువారపు రాత్రులందు, అవే దీపముల వెలుగులో, తరచుగా ఇతరులు వాడి విడిచిన పరికరములు ధరించి ఆడుచుండిరి. వారి శిక్షకులు ఆట మాత్రము నేర్పువారు కారు. పాఠము చెప్పువారు, పిల్లవాని తల్లిదండ్రులకు హితము పలుకువారు కూడ వారే.

బోమాంట్ పట్టణమున చార్ల్‌టన్-పొలార్డ్ పాఠశాల శిక్షకుడగు విల్లీ రే స్మిత్ అట్టివాడు. ఆయన కుమారుడు, ఆరడుగుల ఏడంగుళముల పొడవరి యగు బబ్బా స్మిత్, తన రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆడగోరెను గాని, ఆనాడు నల్లజాతివానికి అచ్చట తావు లేదు. ఉత్తరమున మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు డఫీ డాహర్టీ, శ్వేతజాతీయుల శిక్షణసభలకు రాలేని నల్లజాతి శిక్షకులకొరకు సభలు జరిపి వారి విశ్వాసము సంపాదించి యుండెను. బబ్బా అచ్చటికే పోయెను. విల్లీ రే స్మిత్ మాటను ప్రమాణముగా గైకొనియే డాహర్టీ మరియొక బాలుని, జీన్ వాషింగ్టన్‌ను చేర్చుకొనెను. లా పోర్ట్ నివాసియగు ఆ బాలుడు, తన యూరి పాఠశాల శ్వేతజాతీయులదగుటచే, పొరుగుననున్న బేటౌన్‌లోని కార్వర్ పాఠశాలకు పోయి చదువుకొనినవాడు.

వీరితోపాటు దక్షిణ కరొలైనా నుండి జార్జ్ వెబ్‌స్టర్, ఉత్తర కరొలైనా నుండి జిమ్మీ రే వచ్చి చేరిరి. 1966 నవంబరు 19న నోటర్ డామ్ జట్టుతో జరిగిన ప్రఖ్యాతమైన పోటీ 10–10గా సమమై ముగిసెను. మరుసటి యేట వృత్తిజట్లు ఆటగాండ్రను ఎన్నుకొనునప్పుడు మొదటి ఎనమండ్రలో నలుగురు మిషిగన్ స్టేట్ వారే. బబ్బా స్మిత్ సర్వప్రథముడు.

తాము త్రోసిపుచ్చిన బాలురు పరరాష్ట్రములకు కీర్తి తెచ్చుటను దక్షిణాదివారు కన్నులార చూచిరి. 1965లో సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయము బోమాంట్ వాసియే యగు జెర్రీ లెవయస్‌కు విద్యార్థివేతన మిచ్చి, నైరుతి కూటమిలో అట్టి గౌరవమందిన తొలి నల్లజాతి ఆటగానిగా చేసెను. అతడు బెదిరింపులు, దూషణలు సహింపవలసి వచ్చెను. 1968లో టెక్సస్ క్రిస్టియన్ జట్టుతో ఆడునప్పుడు ప్రతిపక్షి యొకడు అతని ముఖముపై ఉమ్మివేసెను; కోపోద్రిక్తుడై శిరస్త్రాణము విసరివైచి మైదానము వీడినవాడు, తిరిగి వచ్చి, ఎదుటివారు తన్నిన బంతి నందుకొని 89 గజములు పరుగెత్తి జయము సాధించెను.

1970 సెప్టెంబరులో పరరాష్ట్రపు జట్టులోని నల్లజాతి ఆటగాడు సామ్ కన్నింగ్‌హామ్ బర్మింగ్‌హామ్ నగరమున అలబామా జట్టును చిత్తుచేసిన తరువాతనే ఆ విశ్వవిద్యాలయము కన్నుతెరచినదని లోకులు చెప్పుకొందురు. అది సత్యము కాదు. అంతకుముందే అలబామా విల్బర్ జాక్సన్ అను నల్లజాతి బాలుని విద్యార్థివేతన మిచ్చి చేర్చుకొనియుండెను.

అయితే శ్వేత, నల్లజాతి పాఠశాలల సమ్మేళనము జరిగినపుడు మూతబడినవి విశేషముగా నల్లజాతి పాఠశాలలే. దశాబ్దముల తరబడి జట్లను తీర్చిదిద్దిన ప్రధాన శిక్షకులు పలువురు సహాయకుల స్థానమునకు దిగజారిరి. వారి పాఠశాలల పేర్లును, విజయచిహ్నములును అనేకచోట్ల మరుగునపడెను. బాలురకు తెరచుకొనిన ద్వారము వారి గురువులకు తెరచుకొనలేదు.

విశ్వవిద్యాలయములు విజయకాంక్షతో బాలురను వెదకినవి. న్యాయము ఆ కాంక్షను వెన్నంటి వచ్చినది. దానిని నిందింపబనిలేదు గాని, ఈ చరిత్ర వ్రాయువారు డాహర్టీ వంటివారి ఔదార్యమును కొనియాడి విరమించుట అన్యాయము. ఆ బాలురను గుర్తించినవాడు, తీర్చినవాడు, పూచీపడి పంపినవాడు విల్లీ రే స్మిత్ వంటి నల్లజాతి ఉపాధ్యాయుడు. కీర్తిలో ప్రథమభాగము అతనిది.