రోము గోధుమల పంపకం: పుట్టుపూర్వోత్తరాలు

రోము సైన్యానికి అండ చిన్న రైతు. యుద్ధమొస్తే కత్తి పట్టేవాడు, ముగిశాక నాగలి పట్టేవాడు. యుద్ధాలు ఇటలీ దాటి స్పెయిన్, ఆఫ్రికా దాకా సాగాక ఏళ్ల తరబడి ఇంటిముఖం చూడలేకపోయాడు. అతను సాధించిన గెలుపే అతని పొట్ట కొట్టింది. క్రీ.పూ. 167లో ఒక్క ఎపిరస్ నుంచే లక్షన్నర మందిని బానిసలుగా పట్టుకొచ్చారని ప్రాచీన చరిత్రకారులు రాశారు. కూలి అడగని చేతులు అన్ని దొరికాక భూస్వామికి పక్క ఊరి కూలివాడితో పనేముంది? అప్పులపాలైన రైతు చేను వదిలి రోము దారి పట్టాడు. అక్కడ రేవులో బరువులు మోయడం, కట్టడాల దగ్గర కూలి దొరికేవి. అవీ ఏడాది పొడవునా ఉండేవి కావు.

క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ప్రజానాయకుడు ఈ జబ్బుకు అసలు మందు కనిపెట్టాడు. 500 యుగెరాలకు, అంటే సుమారు 300 ఎకరాలకు మించి ప్రభుత్వ భూమిని అనుభవిస్తున్నవాళ్ల దగ్గర మిగులు తీసుకుని పేదలకు పంచాలన్నాడు. ఆ ఏడే సెనేటర్లు, వాళ్ల మనుషులు అతన్ని కొట్టి చంపారు. రోము దారి తప్పింది అక్కడేనని నా నమ్మకం. పదేళ్లకు తమ్ముడు గయస్ పౌరులకు నెలనెలా చౌకగా గోధుమలు ఇప్పించాడు. క్రీ.పూ. 58లో మరో నాయకుడు క్లోడియస్ వాటిని ఉచితం చేశాడు. జూలియస్ సీజర్ లెక్క తీయిస్తే పుచ్చుకునేవాళ్లు 3,20,000 మంది తేలారు. ఆయన 1,50,000కు కుదించాడు.

ఈ గోధుమలు పుచ్చుకునేవాళ్లను సోమరిపోతులనడం అన్యాయం. నెలకు 33 కిలోల గోధుమలు ఇంటిల్లిపాదికీ చాలవు. పెద్ద స్తంభాలను చౌకగా తరలించే ఉపాయంతో ఒకడొస్తే, వెస్పాసియన్ చక్రవర్తి బహుమతి ఇచ్చి పంపేశాడనీ, పేదల కూలి పోతుందని దాన్ని వాడలేదనీ రోమన్ రచయిత సుటోనియస్ రాశాడు. పని కావాలని ఆ జనం ఎంతగా ఎదురుచూసేవారో పాలకుడికి తెలుసు.

అంతకు చాలా ముందే, ఇలా భూమి లేకుండా పోయినవాళ్లను క్రీ.పూ. 107లో సేనాపతి మారియస్ సైన్యంలో చేర్చుకున్నాడు. కొలువు ముగిశాక బతకడానికి చేను ఇప్పించేది సేనాపతే కాబట్టి, సైనికుడు క్రమంగా సెనేటును వదిలి సేనాపతి మాట వినసాగాడు. అంతర్యుద్ధాలకు బలం అక్కడే దొరికింది, గణతంత్రం కూలింది.

తర్వాతి చక్రవర్తులెవరూ పంపకాన్ని ఆపే సాహసం చేయలేదు. ఆరేలియన్ కాలానికి గోధుమల బదులు రొట్టె, దానికి తోడు పందిమాంసం చేరాయి. నగరం పొట్ట ఈజిప్టు, ఆఫ్రికా ఓడల మీద ఆధారపడింది. సామ్రాజ్య పతనానికి నిరుద్యోగమొక్కటే కారణం కాదు, దండయాత్రలూ పన్నుల భారమూ ఉన్నాయి. కానీ తన తిండి సముద్రం అవతల పెట్టుకున్న నగరం వాటికి తట్టుకోలేకపోయింది. ఈజిప్టు గోధుమలు నాలుగో శతాబ్దంలో కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు మళ్లాయి. క్రీ.శ. 439లో వాండల్స్ అనే జర్మానిక్ తెగ ఆఫ్రికాలోని కార్తేజ్‌ను పట్టుకోవడంతో అక్కడి ధాన్యమూ రోము చేజారింది.